పొరుగింటి పుల్లకూర కోసం ఇంటి పిల్లల్ని వదులుకోకండి: ఎడ్మంటన్ ఆయిలర్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

ఎడ్మంటన్,
2025 జూన్ 26.

జనరల్ మేనేజర్ స్టాన్ బౌమన్ గారికి, హాకీ ఆపరేషన్స్ సీఈఓ జెఫ్ జాక్సన్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో ఉంది కాబట్టి మీరు చదవలేరు, నాకు తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు ఇంగ్లీషులో మర్యాదగా ఉండిపోవడం నాకు బాగా అలవాటైపోయింది. పైగా ఈ కెనడా ఊళ్లో మీ ఐస్ హాకీ మ్యాచ్‌లు చూసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఈ లెక్కలు వాళ్లకూ తెలియాలి.

నిన్న మీ ఆటగాడు ఎవాండర్ కేన్‌ని వాంకూవర్ జట్టుకి పంపేశారు. బదులుగా వచ్చింది డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఒక నాలుగో రౌండ్ పిక్. పిక్ సంగతి ఎవరికి కావాలి, పుస్తకాల్లోంచి 51 లక్షల 25 వేల డాలర్ల జీతం పోయింది, అదే అసలు సంగతి. మంచి పని చేశారు. ఆ మిగిలిన డబ్బుతో ఏం చేయబోతున్నారో అన్న భయంతోనే ఈ ఉత్తరం.

నేను రాజమండ్రి నుంచి 2013లో ఇక్కడికి వచ్చాను. నిస్కులో పైపులు నిల్వ చేసే ఒక గోడౌన్‌లో స్టోర్స్ లెక్కలు చూస్తాను. వచ్చిన కొత్తలో హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం, అంతే. 2015లో మీరు కానర్ మెక్‌డేవిడ్‌ని తీసుకున్న రోజు గోడౌన్లో పని ఆపి మరీ అందరూ అరుస్తుంటే, ఎవరీ కుర్రాడు అని అడిగాను. అది కూడా జూన్ 26నే. సరిగ్గా పదేళ్లు. ఆ డ్రాఫ్ట్ జరిగింది ఫ్లోరిడాలో, సన్‌రైజ్ అనే ఊళ్లో. పోయినేడాది జూన్ 24న స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో 2-1తో కప్పు చేజారిందీ, ఈ ఏడాది జూన్ 17న ఫైనల్ ఆరో మ్యాచ్‌లో 5-1తో ఓడిందీ అదే భవనంలో. మా అమ్మకి ఫోన్లో చెబితే, 'ఆ చోటు మీకు అచ్చిరాలేదురా' అంది. నేను లెక్కలవాణ్ణి, వాస్తు జోలికి పోను.

లెక్క అంటే శాలరీ క్యాప్, ఒక జట్టు ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి దాటకూడని గీత. ఐపీఎల్ చూసే మనవాళ్లకి ఇది కొత్త కాదు. పోయిన వేలానికి ఒక్కో జట్టు చేతిలో 120 కోట్ల రూపాయల పర్సు ఉంటే, మన సన్‌రైజర్స్ అయిదుగురికే 75 కోట్లు పెట్టి అట్టిపెట్టుకుంది. భువనేశ్వర్ కుమార్ బెంగళూరుకి పోయాడు, మొన్న అక్కడ కప్పు కూడా ఎత్తాడు. మీరు ఆడే హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో గీత ఇంకా గట్టిది. 2004-05లో సీజన్ మొత్తం రద్దయ్యేదాకా గొడవపడి, మరుసటి ఏడాది 3 కోట్ల 90 లక్షల డాలర్లతో మొదలుపెట్టిన పరిమితి ఇది. కోవిడ్ దెబ్బకి కొన్నేళ్లు 8 కోట్ల 15 లక్షల దగ్గర బిగుసుకుపోయింది. నిరుడు 8 కోట్ల 80 లక్షలు. వచ్చే సీజన్‌కి 9 కోట్ల 55 లక్షలు. ఎంత ధనవంతుడైన యజమాని ఉన్నా సరే, సీజన్లో ఆ గీత దాటడానికి లేదు.

కాబట్టి ఎవరి దగ్గర ఎక్కువ డబ్బుందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఉన్న డబ్బుని ఎవరి మీద ముందు పెట్టారన్నదే. నిరుడు మీరు తప్పింది సరిగ్గా అక్కడే. ముందూ వెనకా తారుమారు చేశారు.

నిరుడు జులై 1 గుర్తు చేసుకోండి. ఫైనల్ ఓడి వారం. అప్పటి జనరల్ మేనేజర్ కెన్ హాలండ్ వెళ్లిపోయారు, బౌమన్ గారు ఇంకా రాలేదు, జాక్సన్ గారే దుకాణం నడిపారు. ఆ రోజు ఊరంతా పండగ. జెఫ్ స్కిన్నర్ వచ్చాడు, ఏడాదికి 30 లక్షల డాలర్లు. విక్టర్ ఆర్విడ్సన్ వచ్చాడు, రెండేళ్లు, ఏడాదికి 40 లక్షలు. ఆడమ్ హెన్రీక్ మళ్లీ సంతకం పెట్టాడు, 30 లక్షలు. యాన్మార్క్, కానర్ బ్రౌన్, కోరీ పెర్రీ... అందరూ ముప్ఫై దాటినవాళ్లే. పెర్రీకైతే అప్పటికే 39. మా గోడౌన్లో కుర్రాళ్లు డోనట్లు పంచారు. నేనూ తిన్నాను. అబద్ధమెందుకు, ఆ రోజు నాకూ గొప్పగానే అనిపించింది.

ఆ సందడిలో ఇద్దరు కుర్రాళ్ల సంతకాలు మిగిలిపోయాయి. ఫిలిప్ బ్రోబర్గ్, 23 ఏళ్లు, 2019లో ఎనిమిదో పిక్. డైలన్ హాలోవే, 22 ఏళ్లు, 2020లో పద్నాలుగో పిక్. ఇద్దరూ మీరు పెంచినవాళ్లు. పోయినేడాది ప్లేఆఫ్స్‌లో డాలస్ మీద సిరీస్ మధ్యలో బ్రోబర్గ్‌ని దింపితే డిఫెన్స్ నిలబడింది. హాలోవే ఆ ప్లేఆఫ్స్‌లో అయిదు గోల్స్ కొట్టాడు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. అందరూ మెక్‌డేవిడ్ నంబరు 97 వేసుకుంటే వాడు మాత్రం 55 కావాలని పట్టుబట్టాడు. హాలోవే నంబరు అది. ఎందుకురా అంటే, 'ఆయన పడిపోయినా వెంటనే లేస్తాడు నాన్నా' అన్నాడు. కొనిచ్చాను.

ఆగస్టు 13న సెయింట్ లూయిస్ నుంచి పిడుగు పడింది. బ్లూస్ జట్టు మేనేజర్ డగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే రోజు ఇద్దరికీ ఆఫర్ షీట్ ఇచ్చారు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కాంట్రాక్టు అయిపోయి ఇంకా పూర్తి స్వేచ్ఛ రాని కుర్రాడికి వేరే జట్టు జీతం చెప్పి సంతకం పెట్టించుకోవచ్చు. పాత జట్టుకి ఏడు రోజుల గడువు. అదే జీతం ఇచ్చి ఉంచుకోవాలి, లేదంటే పరిహారంగా డ్రాఫ్ట్ పిక్‌లు తీసుకుని వదిలేయాలి. అదే జీతం ఇచ్చి ఉంచుకోవడాన్ని మ్యాచ్ చెయ్యడం అంటారు, ఐపీఎల్ భాషలో ఆర్‌టీఎం (రైట్ టు మ్యాచ్) కార్డన్నమాట. జీతం పెరిగేకొద్దీ పరిహారమూ పెరుగుతుంది, దానికి మెట్లున్నాయి.

ఆర్మ్‌స్ట్రాంగ్ రాసిన అంకెలు చూసినప్పుడు, ఒక లెక్కలవాడిగా నాకు ముచ్చటేసింది. బ్రోబర్గ్‌కి ఏడాదికి 45,80,917 డాలర్లు. హాలోవేకి 22,90,457. రెండో రౌండ్ పిక్‌తో సరిపోయే మెట్టు అంచు మొదటిది, మూడో రౌండ్ పిక్‌తో సరిపోయే మెట్టు అంచు రెండోది. ఇంకొక్క డాలరు ఎక్కువైతే పై మెట్టే. పరిహారంగా సొంత పిక్‌లే ఇవ్వాలన్నది నిబంధన కాబట్టి, తాము అంతకుముందు ఇచ్చేసిన రెండో రౌండ్ పిక్‌ని ముందుగా పిట్స్‌బర్గ్ నుంచి వెనక్కి తెచ్చుకుని మరీ కూర్చున్నారు. అంటే అది ఆవేశంలో చేసిన పని కాదు. మీ ఖాతా పుస్తకం వాళ్లు మీకన్నా శ్రద్ధగా చదివారు. జులై 1న మీ సంచి ఖాళీ అయిందని వాళ్లకి తెలుసు.

ఆ ఏడు రోజులు మా ఇంట్లో ఎంత టెన్షనో! మధ్యలో ఆగస్టు 15 వచ్చింది. జెండా వందనం దగ్గర కూడా ఇదే గోల. సమోసా చేత్తో పట్టుకుని ఒకాయన 'మ్యాచ్ చేస్తారండీ, చెయ్యకేం చేస్తారు' అన్నాడు. 20వ తేదీన మీరు ఇద్దరినీ వదిలేశారు. బ్లూస్ వాళ్లు మర్యాదకి ఇంకో కుర్రాణ్ణి, 2028 మూడో రౌండ్ పిక్‌నీ పంపారు. పెళ్లిలో అలిగినవాళ్లకి చేతిలో తాంబూలం పెట్టినట్టు.

ఇప్పుడు అసలు లెక్క. ఆ ఇద్దరు కుర్రాళ్ల జీతాలూ కలిపితే 68,71,374 డాలర్లు. జులై 1న తెచ్చిన స్కిన్నర్, ఆర్విడ్సన్‌ల జీతాలు కలిపితే 70 లక్షలు. ఈ సీజన్లో స్కిన్నర్‌కి 29 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), ఆర్విడ్సన్‌కి 27. మొత్తం 56. సెయింట్ లూయిస్‌లో హాలోవే ఒక్కడే 26 గోల్స్‌తో 63 పాయింట్లు చేశాడు. వాడి జీతం వీళ్లిద్దరి జీతంలో మూడో వంతు. బ్రోబర్గ్ 68 మ్యాచ్‌ల్లో 29 పాయింట్లతో అక్కడి డిఫెన్స్‌లో పాతుకుపోయాడు. స్కిన్నర్ మీద నాకేం కోపం లేదు. వెయ్యికి పైగా మ్యాచ్‌లాడి మొదటిసారి ప్లేఆఫ్స్ చూసిన మనిషి, పాపం, ఆ ప్లేఆఫ్స్‌లో కూడా ఎక్కువ రోజులు ఆడకుండా సూటు వేసుకుని పైన కూర్చున్నాడు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. బ్రోబర్గ్‌ని ఆ ధరకి వదలడం నాకు అర్థమవుతుంది. ఎనభై మ్యాచ్‌లో ఏవో ఆడిన కుర్రాడికి 45 లక్షల పైన అంటే ఎవరైనా జంకుతారు. హాలోవేని 22.9 లక్షలకి వదలడం మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. హెన్రీక్‌కి ఇచ్చినదానికన్నా అది తక్కువ! ఇద్దరినీ జులై మొదటి వారంలో పిలిచి మాట్లాడి ఉంటే, ఇద్దరికీ కలిపి ఇందులో సగం కూడా అయ్యేది కాదని నా అంచనా. పొరుగింటి పుల్లకూర రుచి అని మావాళ్లంటారు. మీరు పుల్లకూర కొనుక్కుని, ఇంట్లో వండిన పప్పు పక్కవాడికి పంపేశారు.

మిగిలిందైనా చేతికి దక్కిందా? బ్రోబర్గ్ పోయాడు, అదే వారంలో ఇంకో డిఫెన్స్‌మన్ సీసీని శాన్ హోసేకి పంపారు, డిఫెన్స్‌లో బొక్క పడింది. జనవరిలో క్లింగ్‌బర్గ్‌ని తెచ్చారు. మార్చిలో జేక్ వాల్మన్‌ని శాన్ హోసే నుంచి తెచ్చారు, దానికి షరతులతో మొదటి రౌండ్ పిక్ ఇచ్చారు. వాల్మన్ బాగా ఆడాడు, కాదనను. కానీ రెండో రౌండ్ పిక్కు తీసుకుని ఒక డిఫెన్స్‌మన్‌ని వదిలి, మొదటి రౌండ్ పిక్కు ఇచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకోవడాన్ని మా గోడౌన్లో ఆడిటర్ చూస్తే నన్ను కూర్చోబెట్టి క్లాసు పీకుతాడు. రేపు డ్రాఫ్ట్ మొదలవుతుంది. మీ ఈ ఏడాది మొదటి రౌండ్ పిక్ నిరుడే ఫిలడెల్ఫియాకి పోయింది. కొత్త నీరు వచ్చే కాలవలు ఒక్కొక్కటే మూసుకుంటూ పోతే చెరువు ఎన్నాళ్లుంటుంది?

ఆఫర్ షీట్ అన్యాయం అని మాత్రం ఎవరూ ఏడవకండి. 2007లో ఇదే పని మీరే చేశారు. బఫలో నుంచి వానెక్‌ని లాగబోతే వాళ్లు 5 కోట్ల డాలర్లకి మ్యాచ్ చేసి ఉంచుకున్నారు. తర్వాత అనాహైమ్ నుంచి డస్టిన్ పెన్నర్‌ని లాగేశారు, ఆ జట్టు మేనేజర్ బ్రయన్ బర్క్ మండిపడ్డారు. ఊరంతా తెలిసిన కథే.

బౌమన్ గారూ, మీకైతే ఇది ఇంకా దగ్గరి పాఠం. 2010లో షికాగోలో మీరు కప్పు గెలిచి నెల తిరిగేసరికే శాన్ హోసే వాళ్లు మీ యాల్మర్సన్‌కి నాలుగేళ్లకి కోటీ 40 లక్షలతో ఆఫర్ షీట్ ఇచ్చారు. అప్పుడు మీరు మ్యాచ్ చేశారు. దాని కోసం కప్పు గెలిపించిన గోలీ (గోల్‌కీపర్) నియేమిని వదులుకున్నారు, ఆయన చివరికి అదే శాన్ హోసేకి వెళ్లాడు. బఫ్లిన్, లాడ్, వెర్‌స్టీగ్... సగం జట్టు చెల్లాచెదురైంది. అయినా మీరు ఆ వేసవిలో 23 ఏళ్ల డిఫెన్స్‌మన్‌ని పట్టుకున్నారు. 2013లో, 2015లో మళ్లీ కప్పు ఎత్తినప్పుడు యాల్మర్సన్ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఇంకో పాఠం కూడా మీదే. 2013 ప్లేఆఫ్స్‌లో మెరిసిన బికెల్‌కి నాలుగేళ్లకి కోటీ 60 లక్షలు రాసిచ్చారు. 2016లో ఆ భారం ఎవరైనా మొయ్యాలంటే తోడుగా 21 ఏళ్ల తెరావైనెన్‌ని కూడా కరోలైనాకి ఇవ్వాల్సొచ్చింది. రెండు నెలల మెరుపుకి పెద్ద కాంట్రాక్టు రాస్తే దాని వడ్డీ కుర్రాళ్ల రూపంలో కట్టాలని మీకు ఒకరు చెప్పాలా?

నిరుడు ఆగస్టు నాటికి మీరు కుర్చీలో కూర్చుని మూడు వారాలే. ఖర్చు మీరు చేసింది కాదు. అందుకే ఆ నేరం పూర్తిగా మీ మీద వెయ్యను. ఈ వేసవి మాత్రం పూర్తిగా మీదే.

గోలీ క్యాంప్‌బెల్ ముచ్చట క్లుప్తంగా. 2022లో అయిదేళ్లకి 2 కోట్ల 50 లక్షలు రాశారు. రెండేళ్లకే బైఅవుట్ చేశారు, అంటే డబ్బిచ్చి కాంట్రాక్టు తెంచుకున్నారు. మిగిలింది మూడేళ్లు కాబట్టి ఆరేళ్లపాటు ఆ మచ్చ క్యాప్ మీద ఉంటుంది. నిరుడు 11 లక్షలే కదా అనిపించింది. వచ్చే సీజన్లో 23 లక్షలు, ఆ పై ఏడు 26 లక్షలు. అంటే హాలోవేకి ఇవ్వలేకపోయిన జీతం అంత, ఇప్పుడు ఇక్కడ ఆడని మనిషికి. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే.

ఇక ముందు సంగతి. డ్రైసైటల్ కొత్త కాంట్రాక్టు ఇప్పుడు మొదలవుతుంది, కోటీ 40 లక్షలు. నిరుటిదాకా 85 లక్షలకి ఆడాడు, ఆ చవక రోజులు అయిపోయాయి. మెక్‌డేవిడ్ కోటీ 25 లక్షలు. డార్నెల్ నర్స్ 92 లక్షల 50 వేలు. ఎక్‌హోమ్ 60 లక్షలు, హైమన్ 55 లక్షలు, న్యూజెంట్-హాప్కిన్స్ 51 లక్షల 25 వేలు. ఆరుగురికి 5 కోట్ల 24 లక్షలు. మిగిలిన పదిహేడు మందికీ, క్యాంప్‌బెల్ మచ్చకీ కలిపి 4 కోట్ల 31 లక్షలు.

అందులోంచి మొదటి వాటా ఎవన్ బూషార్డ్‌ది. సీజన్లో 67 పాయింట్లు, ప్లేఆఫ్స్‌లో 22 మ్యాచ్‌ల్లో 23. వెనక్కి తిరిగి పక్ పోగొట్టుకున్నప్పుడు నేనూ టీవీ ముందు తిట్టాను. కానీ పవర్ ప్లేలో, అంటే శిక్ష పడి అవతలి జట్టులో ఒకడు తక్కువైనప్పుడు, నీలం గీత మీద నుంచి ఆ షాటు కొట్టగలవాళ్లు ఈ లీగ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టాలి. నిరుటిదాకా 39 లక్షలకి ఆడాడు. ఇప్పుడు కోటి అడిగినా తప్పు లేదు. జులై 1 దాటితే వాడికీ ఎవరైనా ఆఫర్ షీట్ ఇవ్వొచ్చు. చేతిలో చోటున్న జట్లు కాసుక్కూర్చున్నాయి. దయచేసి ఈసారి దుకాణం తెరవకముందే వాడి సంతకం అయిపోవాలి. ఆ తర్వాతే మిగతా బజారు.

బజారులో ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది. మూడో లైన్‌లో ఆడేవాళ్లకి ఆరేడేళ్ల కాంట్రాక్టులు రాయకండి. క్యాప్ 2026-27లో 10 కోట్ల 40 లక్షలకి, ఆ పై ఏడు 11 కోట్ల 35 లక్షలకి పెరుగుతుందని లీగే చెప్పింది కాబట్టి ఇవాళ్టి జీతం రేపు చవకగా కనిపిస్తుందని ఎవరో ఒకరు మీకు నచ్చచెబుతారు. పెరిగేది మీ ఒక్కరికే కాదు, ముప్ఫై రెండు జట్లకీ. అందరి చేతిలో డబ్బు పెరిగినప్పుడు ఆఫర్ షీట్లూ పెరుగుతాయి.

మాథ్యూ సవోయ్ ఉన్నాడు. ఇక్కడే, సెయింట్ ఆల్బర్ట్ కుర్రాడు. 21 ఏళ్లు, జీతం పది లక్షల లోపు. వాణ్ణి తెచ్చుకోవడానికి నిరుడు మెక్‌లియాడ్‌ని బఫలోకి ఇచ్చారు, మెక్‌లియాడ్ అక్కడ 53 పాయింట్లు చేశాడు. అంత ఖరీదు పెట్టి తెచ్చిన వాణ్ణి ఈ ఏడాది మీ కింది జట్టు బేకర్స్‌ఫీల్డ్‌లోనే ఉంచి, పై జట్టులో నాలుగే మ్యాచ్‌లు ఆడించారు. వచ్చే అక్టోబరులో మంచు మీద దింపండి. తప్పులు చేస్తాడు, చెయ్యనివ్వండి. జనవరిలో చేసే తప్పులకి నేను తిట్టను, మాటిస్తున్నాను.

మెక్‌డేవిడ్ గురించి ఎక్కువ రాయను. జులై 1 నుంచి వాడితో కొత్త కాంట్రాక్టు మాట్లాడొచ్చు, ఊరంతా దాని మీదే ఊపిరి బిగబట్టుకుని ఉంది. వాడు చూసేది అంకె కాదని, గెలిచే వీలుందా లేదా అన్నదేనని వాడి మాటల్లోనే తెలుస్తోంది. చుట్టూ ఎవరున్నారో చూస్తాడు. 2024 ఫైనల్లో తనతో ఆడి, ఇప్పుడు సెయింట్ లూయిస్‌లో పాతిక గోల్స్ దాటించిన కుర్రాణ్ణి కూడా చూస్తాడు.

ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఎండ ఉంది, సముద్రం ఉంది, అందుకే రెండు ఫైనల్స్‌లోనూ మనల్ని ఓడించిన ఫ్లోరిడా జట్టుకి తక్కువ జీతానికి ఆటగాళ్లు దొరుకుతారని మీ తరఫున మాట్లాడేవాళ్లున్నారు. కొంత నిజమే. ఆల్బర్టాలో జనవరిలో కారు ప్లగ్ పెట్టి రాత్రంతా వేడి చేసుకునేవాణ్ణి, నాకు తెలియదా! కానీ హాలోవే పోయింది ఎండ కోసం కాదు. వాడు పుట్టింది కాల్గరీలో. జులైలో మీరు పిలిస్తే వచ్చి కూర్చునేవాడే.

నిరుడు ఆగస్టు 20 రాత్రి మా వాడు ఆ 55 జెర్సీ మడతపెట్టి అలమారలో పై అరలో పెట్టాడు. ఏడవలేదు. ఇప్పుడు పదేళ్లు వచ్చాయి, చేతులు పొడుగయ్యాయి, అది ఇక పట్టదు. మొన్న ఆరో మ్యాచ్ ఓడిన మర్నాడు కొత్తది కావాలన్నాడు. నంబరు రెండు, బూషార్డ్‌ది. 'ఈయన ఉంటాడా నాన్నా?' అని అడిగాడు. జులై ఒకటి దాకా ఆగమన్నాను. ఇంకా అయిదు రోజులుంది.

ఇట్లు,
మిల్‌వుడ్స్ నుంచి ఒక ఆయిలర్స్ అభిమాని